పాఠకుల ప్రశ్నలు: కొత్త బండి, షోరూమ్ తిప్పలు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఈఎంఐ మీద 160 సీసీ బండి కొన్నాను. ఏడాది కూడా కాలేదు. ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. రెండో ఫ్రీ సర్వీసు అయిన దగ్గర్నుంచి బండి నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోతోంది. కాసేపు పక్కన పెట్టి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఒకరోజు లారీ ముందు ఆగింది, అప్పటి నుంచి మా ఆవిడ ఆ బండి ఎక్కనంటోంది. షోరూముకు తీసుకెళ్తే ఒకసారి బ్యాటరీ, ఒకసారి ప్లగ్గు మార్చారు, మిగతా సార్లు శుభ్రంగా కడిగి "మేం రౌండ్ కొట్టి చూశాం సార్, ప్రాబ్లమ్ ఏమీ లేదు" అని ఇచ్చేశారు. ఇప్పుడేమో పెట్రోలు మంచిది కాదంటున్నారు. బండి మార్చి కొత్తది ఇమ్మని అడగొచ్చా? ఈఎంఐ ఆపేస్తే దారికొస్తారా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆఖరి ప్రశ్న సంగతి తేల్చేద్దాం. ఈఎంఐ ఆపకండి. అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీకి మీ బండి ఆగిందా నడిచిందా అన్నదాంతో పనిలేదు. మీరు కట్టకపోతే షోరూమ్ వాళ్లకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు, మీ సిబిల్ స్కోరు మాత్రం పడిపోతుంది, రికవరీ వాళ్లు ఇంటికొస్తారు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరమంతా చదివాను, జాబ్ కార్డు, అంటే బండి సర్వీసుకు ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదు రాసుకునే కాగితం, ఆ మాట ఎక్కడా లేదు. అన్నిసార్లు తీసుకెళ్లారు కదా, ప్రతిసారీ అందులో ఏం రాశారో చూశారా? చాలా చోట్ల సర్వీస్ అడ్వైజర్ "జనరల్ చెకప్" అని ఒక ముక్క రాసేసి సంతకం పెట్టించుకుంటాడు. రేపు మీరు ఎక్కడికెళ్లి ఫిర్యాదు చేసినా, కంపెనీ వాళ్లు తమ కంప్యూటర్లోంచి అదే కాగితం తీసి, ఈయన బండిని మామూలు సర్వీసుకే తెచ్చారు, ఆగిపోతోందని ఎప్పుడూ చెప్పలేదు అంటారు. అందుకని ఈసారి "నడుస్తుండగా ఇంజన్ ఆగిపోతోంది, ఇదివరకు కూడా ఇదే ఫిర్యాదు" అని మీ మాటల్లోనే రాయించండి. రాసే దాకా తాళం ఇవ్వకండి. కాపీ ఇవ్వనంటే ఫోనులో ఫొటో తీసుకోండి. బండి తిరిగి తీసుకునేటప్పుడు "సంతృప్తిగా ఉంది" అన్న చోట సంతకం అడుగుతారు, దాని పక్కనే "నడిపి చూశాక చెబుతాను" అని రాసి అప్పుడు పెట్టండి. అలాగే ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తే పదికి పది ఇవ్వండి సార్ అని బతిమాలతారు, మొహమాటానికి పది ఇచ్చారో, అది కూడా వాళ్ల రికార్డే.

బండి విషయానికొస్తే, అప్పుడప్పుడూ వచ్చిపోయే జబ్బు పట్టుకోవడం నిజంగానే కష్టం, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి జ్వరం తగ్గిపోయినట్టు ఉంటుంది. మెకానిక్‌ని కూడా పూర్తిగా తప్పుపట్టలేం. కాబట్టి మీరే కొంచెం కనిపెట్టి చూడాలి. ఆగిన క్షణంలో మీటర్ లైట్లు కూడా ఒక్కసారిగా ఆరిపోతే, బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజ్, తాళం కింది వైరింగ్ వైపు అనుమానించాలి. లైట్లు వెలుగుతూనే ఇంజన్ ఒక్కటే ఆగితే పెట్రోల్ పంపు, ఇగ్నిషన్ కాయిల్, క్రాంక్ సెన్సార్ లాంటివి చూడాలి. బాగా వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టయితే సెన్సార్ మీదో పంపు మీదో అనుమానం ఇంకా గట్టిపడుతుంది. గతుకుల్లోనో వానలోనో ఆగుతుంటే సైడ్ స్టాండ్ స్విచ్చి, వైర్లను కలిపే చోట వదులైన కప్లర్లు చూడాలి. ఈ సైడ్ స్టాండ్ స్విచ్చి చాలా చిన్న వస్తువు, బురద పట్టి స్టాండు వేసే ఉందని ఇంజన్‌కు చెబితే చాలు, బండి ఆగిపోతుంది. ఆగిన వెంటనే పక్కకు తీసి, తాళం ఆఫ్ చేయకుండా మీటరును వీడియో తీయండి. ఇంజన్ చెక్ లైటు వెలుగుతోందో లేదో అందులో పడాలి.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బళ్లలో ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, చాలా లోపాలను ఎర్రర్ కోడ్‌గా దాచుకుంటుంది. షోరూములో స్కానర్ ఉంటుంది. "స్కానర్ పెట్టారా, ఏం కోడ్ వచ్చింది, అది జాబ్ కార్డులో రాయండి" అని అడగండి. కోడ్ ఏమీ రాలేదంటే అదే రాయమనండి. అడిగేవాడు విషయం తెలిసినవాడని తెలిస్తే నీళ్లు కొట్టి పంపడం తగ్గుతుంది. ఇంకో మాట, మీ వారంటీ ఇచ్చింది కంపెనీ, హైదరాబాద్ షోరూమ్ కాదు. ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఎక్కడున్నా చూపించుకోవచ్చు. ఒకచోట మొండికేస్తే ఇంకోచోటికి వెళ్లండి. బయటి మెకానిక్‌తో మాత్రం ఇప్పుడే వైర్లు కోయించకండి, ఆ తర్వాత తప్పంతా ఆ కోసిన వైరు మీదికే నెట్టేస్తారు. ఫాగ్ లైట్లు, పెద్ద హారన్ బిగించుకుని ఉంటే అదీ చూపిస్తారు. షోరూమ్ వాళ్లే బిగించి ఉంటే ఆ బిల్లు వెతికి దగ్గర పెట్టుకోండి.

పెట్రోలు బాగాలేదన్న మాట నాకు పెద్దగా నమ్మబుద్ధి కావడం లేదు. ట్యాంకులో నీళ్లు చేరితే బండి ఇబ్బంది పెడుతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని ఇంకా త్వరగా పీల్చుకుంటుంది, అది నిజమే. కానీ నెలల తరబడి వేర్వేరు బంకుల్లో కొట్టించినా ఇదే వరస అయితే ఆ మాట నిలవదు. అయినా అంటున్నారంటే ట్యాంకు దించి చూపించి, అదే విషయం కాగితం మీద రాసివ్వమనండి. నోటితో ఎంతైనా చెబుతారు, రాయమంటే తగ్గుతారు.

ఇవన్నీ అయ్యాక కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఫోను కాదు, ఈమెయిలే. ఛాసిస్ నంబరు, జాబ్ కార్డులు, వీడియో జతచేసి, ఏరియా సర్వీస్ మేనేజర్ వచ్చి బండి చూడాలని అడగండి. చాలా గొడవలు ఈ మెట్టు దగ్గరే తెగుతాయి, ఎందుకంటే వారంటీ కింద ఖరీదైన పార్టు మార్చాలంటే అనుమతి పైనుంచే రావాలి. పదిహేను రోజులు చూసి, కదలిక లేకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లకు ఆదేశాలిచ్చే అధికారం లేదు, కంపెనీతో రాజీకి ప్రయత్నిస్తారు, అంతవరకే.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక బండి ఎక్కడ కొన్నా మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, అంటే మీరు హైదరాబాద్ తిరగక్కర్లేదు, ఖమ్మంలోనే వేయండి. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయొచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. డీలర్‌ను, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. కేసు తేల్చడానికి చట్టంలో మూడు నెలలు, వస్తువుకు పరీక్ష అవసరమైతే ఐదు నెలలు అని రాసి ఉంది కానీ ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. ఓపిక ఉంటేనే దిగండి.

మరి కొత్త బండి ఇస్తారా? అడగడానికి హక్కుంది, వస్తువు మార్చమనో డబ్బు వాపసు ఇమ్మనో ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. రావడం మాత్రం అంత తేలిక కాదు. అమెరికాలో లాగా ఇన్ని రిపేర్లయితే బండి వెనక్కి తీసుకోవాలనే చట్టం మన దగ్గర లేదు. 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతుల్లో చెడిన భాగం మారుస్తామని ఉంటే మొత్తం కారు మార్చమనడం కుదరదంది. తయారీలోనే లోపం ఉందని నిపుణుడి పరీక్షలో తేలితే మీ కేసుకు బలం వస్తుంది. కాబట్టి బండిని పరీక్షకు పంపమని కమిషన్‌ను రాతపూర్వకంగా కోరండి. నా మట్టుకు నేనైతే కొత్త బండి కోసం పట్టుబట్టే ముందు లోపమున్న పార్టు మార్పు, వారంటీ పొడిగింపు, తిరుగుళ్లకు నష్టపరిహారం, ఈ మూడూ కంపెనీ నుంచి రాయించుకోవడానికి చూస్తాను.

అప్పటిదాకా ఆ బండిని హైవే ఎక్కించకండి. మీ ఆవిడ అన్నది సబబే.

ప్రశ్న: కొత్త స్కూటీకి ఫ్రీ సర్వీసు అని వెళ్తే టెఫ్లాన్ కోటింగు, ఇంజన్ క్లీనరు అంటూ పెద్ద బిల్లేశారు. వద్దంటే వారంటీ పోతుందన్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా. ఫ్రీ సర్వీసులో ఫ్రీ అన్నది కూలీ ఒక్కటే. ఇంజన్ ఆయిల్ లాంటివాటికి డబ్బు కట్టాల్సిందే, అందులో మోసం లేదు. కోటింగులు మాత్రం మీ ఇష్టం. బండితోపాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్లో వారంటీ షరతులున్న పేజీ తెరిచి, కోటింగు వేయించాలని ఎక్కడుందో చూపించమనండి. సాధారణంగా అక్కడ ఉండేది సర్వీసులు చెప్పిన కిలోమీటర్లకో, చెప్పిన గడువుకో చేయించాలని, అదీ అధీకృత సెంటర్లోనే అని. ఈసారి బండి ఇచ్చేటప్పుడే ఎస్టిమేట్ రాయించి, అందులో లేని పని చేస్తే డబ్బు ఇవ్వనని ముందే చెప్పండి.