జానెడు నేల చాలు

అమ్మాయీ,

నువ్వు పంపిన పన్నెండు గేయాలూ రెండుసార్లు చదివాను. రెండోసారి పైకి చదివాను. పిల్లల గేయాన్ని కళ్ళతో చదివితే లోపం బయటపడదు, నాలుక తడబడినప్పుడే దొరుకుతుంది.

ముందు కోప్పడాల్సింది కోప్పడేస్తాను. పన్నెండింటిలో తొమ్మిదింట్లో "ప్రకృతి" అన్న మాట ఉంది. ఏ పిల్లాడైనా ప్రకృతిలోకి ఆడుకోవడానికి వెళ్తాడా? చెట్టెక్కుతాడు, బురదలో దిగుతాడు, వద్దన్నచోటికల్లా పోతాడు. ఇక చివరి రెండు పాదాల్లో ప్రతిసారీ "చెట్లు నరకరాదు" అన్న పాఠం ఒకటి. నరికేది పిల్లలు కాదు కదా! ఆ పాదాలు కొట్టేసి చదివి చూడు, గేయానికి ఏ లోటూ రాదు.

రేపు పొద్దున కాగితం, ఫోన్ రెండూ వదిలేసి బయటికి వెళ్ళు. జానెడు నేల ఎంచుకుని పావుగంట గొంతుక్కూర్చో. మొదటి ఐదు నిమిషాలూ విసుగే. తర్వాత చీమలబారు కనిపిస్తుంది. ఎదురుపడ్డ రెండు చీమలు ఆగి, మీసాలు తాకించుకుని, ఎవరి దారిన అవి పోతాయి. వాటి దారికి అడ్డంగా వేలితో ఒక గీత గీయి. అవి వాసన పట్టుకుని నడుస్తాయి కాబట్టి, బాట తెగినచోట ముందున్న చీమ గిరగిరా తిరుగుతుంది, వెనకవన్నీ పోగవుతాయి. ఆ కంగారు చాలు, గేయం అయిపోయినట్టే. నువ్వు రాసిన "క్రమశిక్షణ గల చీమలు" పిల్లలకి బడి ప్రార్థనలా వినిపిస్తాయి.

గేయం నడక గురించి కూడా అడిగావు. ఛందస్సు పుస్తకం తిరగేసి టెన్షన్ పడకు. తకిట తకిట అని చేత్తో తాళం వేస్తూ మూడేసి మాత్రలు (పొట్టిగా పలికేదానికి ఒకటి, సాగేదానికి రెండు) పడేలా చూసుకో:

ఆకు చివర నీటి బొట్టు
ఊగి ఊగి జారనంది
చీమ వచ్చి కింద నిలిచి
తలను ఎత్తి చూస్తు ఉంది

గొప్ప కవిత్వమేం కాదు, నిన్న వాన వెలిశాక కిటికీ దగ్గర నిలబడి కట్టింది. కానీ ఇందులో "అందమైన", "చల్లని", "పచ్చని" లేవు చూడు. "చూస్తూ"లో దీర్ఘం తగ్గించింది కూడా తాళం కోసమే. పాటలో అంత చనువు చెల్లుతుంది, అర్థం చెడనంతవరకే. ప్రాస కోసం లేని మాట తెచ్చి అతికించావో, పిల్లలు అక్కడే నవ్వుతారు.

నిజం తప్పినా వదలరు. ఒకసారి సాలీడు మీద రాసి, "ఆరు కాళ్ళ సాలమ్మా" అని హుషారుగా చదివాను. రెండో తరగతి పిల్ల లేచి, "తాతా, ఎనిమిది" అంది. అంతే, తర్వాతి పాదం నోట్లోంచి రాలేదు. ఆరు కాళ్ళు కీటకాలకి, సాలీడు కీటకాల జాతి కాదు. నీ కోయిలమ్మదీ అదే గొడవ. కూ... అని సాగదీసి పాడేది నల్లటి మగకోయిల. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, ఆ పాట దానిది కాదు. కవులంతా కోయిలమ్మ అన్నారుగా అంటావేమో. పిల్లలు అది చదవలేదు, వాళ్ళకి నువ్వే మొదటి సాక్షివి. పైగా "అమ్మ కాదు, అయ్య పాడాడు" అంటే వాళ్ళు ఎగిరి గంతేస్తారు.

చప్పుళ్ళు మాత్రం వాళ్ళనే అడుగు. మనకి వాన అనగానే జలజల తప్ప ఏదీ తోచదు. ఎండుటాకు మీద మొదటి చినుకు ఎలా పడిందని అడిగితే ఒకడు "టప్పుక్" అన్నాడు, ఇంకొకడు నాలుకతో ఏదో చప్పుడు చేశాడు, దాన్ని రాయడానికి నాకు అక్షరాలు దొరకలేదు.

అత్తిపత్తి గేయం ఒక్కటీ పక్కన పెట్టాను. ముడుచుకున్న ఆకు మళ్ళీ విచ్చుకునేదాకా కూర్చుని చూశావని చదువుతుంటేనే తెలిసింది. దాన్ని మాత్రం దిద్దకు. అసలు ముట్టుకోకు.

ఆశీస్సులతో
మామయ్య