కుంటుతున్న గుర్రానికి చేతి చికిత్స పనిచేస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది గుంటూరు. మాకు రెండు గుర్రాలున్నాయి. పెళ్లి ఊరేగింపులకు, శ్రీరామనవమి, దసరా ఉత్సవాలకు తిప్పుతుంటాం. వాటిలో తొమ్మిదేళ్ల ఆడగుర్రం మూడు వారాలుగా ముందు కుడికాలు కుంటుతోంది. సిమెంటు రోడ్డు మీద ఎక్కువ, మట్టి నేల మీద తక్కువ. జీను వేయబోతే చెవులు వెనక్కి పెట్టి వీపు కిందికి వంచేస్తోంది. తెలిసినాయన ఒకరు నొప్పి ఇంజెక్షన్ వేస్తే రెండు రోజులు బాగానే నడిచింది, మళ్లీ మామూలే. ఇప్పుడు ఒకతను వచ్చి, మందులేం అక్కర్లేదు, చేతులతో మెల్లగా నిమిరి, ఒత్తి నయం చేస్తానంటున్నాడు. విదేశాల్లో పందెపు గుర్రాలకు ఇలాగే చేస్తారని ఫోన్లో వీడియోలు చూపించాడు. నమ్మొచ్చా? ఇంట్లో మేమే చేసుకోవచ్చా? వచ్చే ముహూర్తాలకు రెండు బుకింగులు ఒప్పుకున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నమస్కారం. మీరు చూసిన వీడియోలు బూటకం కాదు. గుర్రాలకు మెల్లగా చేతులతో చేసే చికిత్సలు చాలా దేశాల్లో ఉన్నాయి. లిండా టెల్లింగ్టన్ జోన్స్ అనే ఆవిడ వేళ్లతో చిన్న చిన్న వలయాలు తిప్పే ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కండరాల మర్దన, తేలికపాటి స్ట్రెచింగ్, కీళ్లను మెల్లగా కదిలించడం వంటివి పోటీ గుర్రాలకు ఇప్పుడు మామూలు సంరక్షణలో భాగమైపోయాయి. మన దగ్గరా పాతకాలం సాయిసులు (గుర్రాలను చూసుకునే మనుషులు) పని ముగిశాక గుర్రానికి ఖరారా (ఒళ్లు రుద్దే దువ్వెన) పట్టి, అరచేతులతో ఒళ్లంతా గట్టిగా మాలీష్ చేసేవాళ్లు. కాబట్టి చేతి చికిత్సను నేను కొట్టిపారేయను. కానీ మీ గుర్రానికి ఈరోజు మొదట కావలసింది అది కాదు. ఎందుకో వివరంగా చెబుతాను.

గుర్రం తన బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే మోస్తుంది. అందుకే కుంటు ఎక్కువగా ముందుకాళ్లలోనే కనిపిస్తుంది. ముందుకాలు కుంటే గుర్రాల్లో చాలావాటికి అసలు బాధ డెక్కలోనే ఉంటుంది. భుజం పట్టేసింది, మెడ పట్టేసింది అని అందరూ పైపైన వెతుకుతుంటారు. మీ గుర్రం సిమెంటు మీద ఎక్కువగా కుంటుతోందని రాశారు. ఆ ఒక్క మాటతో నా చూపు సూటిగా డెక్క మీదికి పోయింది. స్నాయువులో (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లు), కండరాలో బెణికితే సాధారణంగా మెత్తటి నేలలో, ఇసుకలో బాధ ఎక్కువవుతుంది. గట్టి నేల మీద ఎక్కువైతే అరికాలు కమిలి ఉండొచ్చు, లోపల చీము పట్టి ఉండొచ్చు, నాడా మేకు పక్కకు దిగి ఉండొచ్చు, డెక్క లోపలి కీలులో వాపు ఉండొచ్చు. వీటిలో ఏదీ భుజం నిమిరితే తగ్గేది కాదు.

మరి జీను వేస్తే వీపు వంచడం ఏమిటంటారా? దానికి రెండు కారణాలు ఉండొచ్చు. కుడికాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ బరువును ఎడమకాలి మీదికి, వెనక్కి తోసేస్తుంది. వారాల తరబడి అలా నడిస్తే మెడ, భుజాలు, వీపు కండరాలు బిగుసుకుపోతాయి. ఇది కాలి నుంచి పైకి పాకిన నొప్పి. రెండోది జీను. ఊరేగింపు జీన్లు చాలావరకు అలంకారం కోసం చేసినవే. అద్దాలు, ఇత్తడి, కింద సరైన మెత్త లేని చెక్క. వెన్నెముకకు రెండు పక్కలా సమానంగా ఆనాల్సిన జీను ఒకేచోట నొక్కుతుంది. జీను తీశాక చెమట పట్టిన వీపు మీద ఎక్కడైనా పొడి మచ్చ కనిపిస్తే, లేదా తెల్ల వెంట్రుకలు మొలిచి ఉంటే, అక్కడ జీను కొరుకుతోందని అర్థం.

బరువు సంగతి కూడా చూడాలి. మనిషి, జీను, అలంకారాలు అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది గుర్రాల మనుషులు పాటించే లెక్క. మీ గుర్రం బరువు టేపుతోనే తెలుసుకోవచ్చు. ముందుకాళ్ల వెనకాల ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలవండి. భుజం ముందు భాగం నుంచి పిరుదు చివరి దాకా పొడవు కూడా కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి. చుట్టుకొలత 155, పొడవు 150 ఉన్న గుర్రం 303 కిలోలు. అంటే అది మోయాల్సింది దాదాపు 60 కిలోలే. షేర్వాణీ వేసుకున్న పెళ్లికొడుకు ఒక్కడే అంతకుమించి ఉంటాడు. ముందు ఒక పిల్లాణ్ని కూర్చోబెడితే ఇక చెప్పేదేముంది! వీపు మీద బరువులు మోసే జంతువులకు 1965లో కేంద్రం చేసిన నిబంధనల్లోనూ పొట్టి గుర్రానికి 70 కిలోలే పరిమితి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా అలాంటి జంతువులతో పని చేయించకూడదని కూడా వాటిలో ఉంది. గుంటూరు ఎండలు మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మీరు ఇంట్లో చేయగలిగిన పరీక్ష చెబుతాను. తెల్లవారుజామున చూడండి, పగలు ఎండకు నాలుగు డెక్కలూ వేడిగానే ఉంటాయి. ముందు రెండు డెక్కల మీదా అరచేయి పెట్టి పోల్చండి. కుడిది వేడిగా ఉందా? డెక్కకు పైనున్న కీలు వెనకాల, రెండు పక్కలా వేళ్లు ఆనిస్తే నాడి దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న కాలిలో అది వేలికి అందీ అందనట్టు ఉంటుంది. డెక్కలో వాపో చీమో ఉంటే గట్టిగా కొట్టుకుంటుంది. తర్వాత కాలు ఎత్తి అరికాలు శుభ్రంగా కడిగి చూడండి. మేకు, గాజుపెంకు, నల్లటి రంధ్రం, దుర్వాసన ఏమైనా ఉన్నాయా? మేకు గుచ్చుకుని కనిపిస్తే మీరే లాగేయకండి. అది ఎంత లోతుకు, ఎటువైపు దిగిందో డాక్టరు చూడాలి. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా పట్టుకుంటుంది, పడితే బతికించడం కష్టం. టీకా వేయించి ఎంతకాలమైందో చూసుకోండి.

గుర్రాన్ని గట్టి నేల మీద, వదులు తాడుతో, మెల్లటి పరుగులాంటి దుడుకు నడకలో నడిపించి తల చూడండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచికాలు పడినప్పుడు కిందికి దిగుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని మంచికాలికి మందు పూస్తుంటారు.

కొన్ని పరిస్థితుల్లో ఎవరినీ చేయి వేయనివ్వకండి, నడిపించకండి కూడా. గుర్రం ముందుకాళ్లు ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి, కదలనని నిలబడితే అది డెక్క లోపలి పొరల వాపు కావచ్చు. దాణా గదిలోకి దూరి శనగలో గోధుమలో ఎక్కువగా తిన్న గుర్రాలకు ఇది వస్తుంది, ఆలస్యమైతే కాలు శాశ్వతంగా పాడవుతుంది. పని తర్వాత పిరుదు కండరాలు రాయిలా బిగిసి, మూత్రం కాఫీ రంగులో వస్తే కండరాలే లోపల దెబ్బతింటున్నాయని అర్థం. ఆ కండరాల్ని పిసికితే ఇంకా నష్టం. జ్వరం 101.5 డిగ్రీలు దాటినా, కాలు అసలు మోపలేకపోయినా, ఎక్కడైనా వేడిగా వాచినా అంతే. ఈ లక్షణాల్లో ఏది కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇవేవీ లేకుండా, డాక్టరు చూసి డెక్క సంగతి తేల్చాక, వీపు, మెడ బిగుతు మిగిలి ఉంటే అప్పుడు చేతి చికిత్సకు చోటుంది. అది మీరే చేయొచ్చు. చేస్తే మీకూ గుర్రానికీ ఇద్దరికీ మేలు.

చల్లటి పూట, అలవాటైన చోట, దానికి తెలిసిన మనిషి తాడు వదులుగా పట్టుకుని ఉండగా మొదలుపెట్టండి. బిగించి కట్టేయొద్దు, వెనకాల నిలబడొద్దు. మొదట మెడ వీపుతో కలిసే ఎత్తైన చోట వేళ్లతో గోకండి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేది అక్కడే. ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాల మీద జరిపిన ఒక పరిశోధన 1993లో వెలువడింది. సరిగ్గా ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని అందులో తేలింది. తర్వాత చెవుల వెనక నుంచి జూలుకు కాస్త కింద, మెడ పొడవునా అరచేయి ఆనించి చాలా నెమ్మదిగా భుజం దాకా రండి. నిద్రపోతున్న పసిబిడ్డ మీద చేయి వేసినంత బరువు చాలు. చేతిని కాదు, కంటిని చూడండి. ఒకచోట రెప్ప కొడుతుంది, లేదా పెదవి కదుపుతుంది. చేయి అక్కడే ఆపి, ఒత్తకుండా ఉంచండి. ఒక్కోసారి నిమిషం పైనే పడుతుంది. నాలుకతో చప్పరిస్తుంది, తల దించుతుంది, పెద్దగా ఊపిరి వదులుతుంది, ఆవులిస్తుంది. అప్పుడు ముందుకు కదలండి. వీపు మీద వెన్నెముక ఎముకను ముట్టకుండా నాలుగు వేళ్ల దూరంలో, రెండు పక్కలా ఇలాగే చేయండి. చెవులు వెనక్కి పెట్టినా, తోక విసిరినా, కరవబోయినా బరువు ఇంకా తగ్గించండి, లేదా ఆ చోటు వదిలేయండి. మొండితనం అనుకుని కొట్టకండి, అది నొప్పి ఎక్కడుందో మీకు చెబుతోంది. రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు.

దీనివల్ల ఎంత మేలు? ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు ఎక్కువగా కొద్ది గుర్రాల మీద చేసినవే. కండరాల బిగుతు, ముట్టుకుంటే ఉలిక్కిపడడం కొంతకాలం తగ్గుతాయని, కదలిక కాస్త సాఫీ అవుతుందని వాటిలో కనిపిస్తుంది. కుంటు నయమవుతుందని మాత్రం అవి చెప్పడం లేదు. కాబట్టి మీ దగ్గరికి వచ్చినతను డెక్క ఎత్తి చూడకుండా, ముందు డాక్టరుకు చూపించారా అని అడగకుండా, నయం చేస్తానని మాటిస్తే డబ్బులివ్వకండి. ఎముక చటుక్కున సర్దేస్తానని మెడ విరిచేవాళ్లను అసలు దగ్గరికి రానివ్వకండి. జబ్బు నిర్ధారణ, మందు రాయడం రిజిస్టర్డ్ పశువైద్యుల పని, 1984 నాటి చట్టం చెప్పేది అదే.

నొప్పి ఇంజెక్షన్ సంగతి నాకు బాగా బాధ కలిగించింది. మందు ప్రభావంలో గుర్రం రెండు రోజులు బాగా నడిచింది, అంటే గాయమైన కాలి మీద పూర్తి బరువు వేసి నడిచింది. ఏ మందు వేశారో కనుక్కోండి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకూడదని 2006లోనే నిషేధించారు, రాబందులు చచ్చిపోవడానికి కారణం అదే. గుర్రాలకు వాడే నొప్పి మందులు వేరే ఉన్నాయి. అవీ మోతాదు మించితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు వస్తాయి. వాతలు పెట్టడం, కిరోసిన్ పూయడం లాంటివి ఎవరైనా చెబితే దయచేసి వినకండి.

రెండు బుకింగులకూ ఈ గుర్రాన్ని పంపకండి. మీ రెండో గుర్రం ఉంది, లేదా తెలిసినవాళ్లకు అప్పగించండి. మీ ఇల్లు దీని మీదే నడుస్తుందని నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను. అరికాలు కమిలినా, చీము పట్టినా, చీము తీయించి విశ్రాంతి ఇస్తే చాలా గుర్రాలు కొద్ది రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో కోలుకుంటాయి. అదే కాలితో డీజే ముందు గంటల తరబడి నిలబెడితే స్నాయువు తెగొచ్చు. స్నాయువు గాయం మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది.

గుంటూరులోని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లండి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. లోతుగా పరీక్షించాల్సి వస్తే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు పంపుతారు. నాడాలు కొట్టే మనిషినీ అదే రోజు రమ్మనండి. డాక్టరు చూసేటప్పుడు నాడా తీయాల్సి రావచ్చు, డెక్కలు చెక్కి ఆరేడు వారాలు దాటితే అవి పొడుగై ఉంటాయి కూడా. వెళ్లేముందు గుర్రం నడకను ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి వీడియో తీసి పెట్టుకోండి. కొత్త చోట బెదురులో గుర్రాలు కుంటును దాచేస్తాయి. ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో, దాని పేరేమిటో కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి.