సర్వీస్ క్లబ్ గవర్నర్‌కి నిజంగా అంత తీరిక ఉండదా? నా ఏడాది సంగతి

ప్రశ్న ఇది: "మా నాన్న జులై నుంచి డిస్ట్రిక్ట్ గవర్నర్ అయ్యారు. అప్పట్నుంచి వారంలో నాలుగు రాత్రులు ఇంట్లో ఉండట్లేదు, అడిగితే క్లబ్ విజిట్లు అంటారు. నిజంగా అంత పని ఉంటుందా, ఇంట్లోంచి తప్పించుకోడానికి సాకా?"

ఈ ప్రశ్న మా ఆవిడకి చూపించా. చదివి ఫోన్ నా చేతిలో పెట్టేసి "దీనికి జవాబు నువ్వు కాదు, నేను రాయాలి" అంది. అందుకే ఆవిడ పడుకున్నాక రాస్తున్నా.

డిస్ట్రిక్ట్ అంటే ఇక్కడ జిల్లా కాదు, కొన్ని క్లబ్బుల గుంపు, గవర్నరంటే ఆ క్లబ్బులన్నిటికీ ఏడాదిపాటు పెద్ద, వాటన్నిటినీ తిరిగి చూడాలి. కొన్నేళ్ళ కిందట నేనూ ఒక ఏడాది ఆ కుర్చీలో కూర్చున్నా. కుర్చీ అనడం తప్పులెండి, ఆ ఏడాది కూర్చున్నదంతా కారు సీట్లోనే. మాది రోటరీయా లయన్సా అని మాత్రం అడక్కండి, చెప్తే కింద రాసేది ఎవరి గురించో మావాళ్ళు ఇట్టే పట్టేస్తారు, అయినా ఈ విషయంలో రెండూ ఒక తానులో ముక్కలే. జులైలో మొదలై ఏడాదికే అయిపోయే పదవి, జీతం లేదు, గవర్నర్ అనే పేరు చూసి ఇంకేదో ఊహించుకునేవాళ్ళకి దణ్ణం పెట్టి వివరించుకోవడమే ఒక పని.

ముందు లెక్క చూడండి. లయన్స్‌లో ఒక డిస్ట్రిక్ట్ అనిపించుకోవాలంటేనే కనీసం 35 క్లబ్బులు, 1,250 మంది మెంబర్లు ఉండాలి. నా వంతుకి వచ్చినవి 63 క్లబ్బులు. ఏడాదంతా ఉంది కదా మెల్లగా తిరగొచ్చు అనుకుంటారు అందరూ, నేనూ అలాగే అనుకున్నా, అదే నా మొదటి పొరపాటు. జనవరి దాటిందంటే ప్రెసిడెంట్ మనసు తన ఏడాది మీద ఉండదు, తర్వాతి ప్రెసిడెంట్ ఎవరు, వాడు మన గ్రూపా కాదా అనే దాని మీద ఉంటుంది. అప్పుడు వెళ్ళి మీ ప్లాన్ ఏంటి అని అడిగితే అయిపోయిన పెళ్ళికి బాజాలు వాయించినట్టే. కాబట్టి డిసెంబర్ లోపు తిరగడం అయిపోవాలి, అంటే 26 వారాలు, 63 క్లబ్బులు, మధ్యలో సెలవులు, ట్రైనింగులు, ఎవడో ఒకడు చివరి నిమిషంలో "సార్ మా హాల్ దొరకలేదు, వచ్చే వారం పెట్టుకుందాం" అనడం. మంచి వారంలో మూడు విజిట్లు, చెడ్డ వారంలో ఐదు. పగలంతా నా ఉద్యోగం నాదే, నాలుగింటికి కారెక్కితే ఏడింటికి మీటింగు, ఒంటిగంటకి ఇల్లు. సాకు కోసం ఇంత కష్టపడేవాడు ఉంటాడా చెప్పండి.

1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు స్నేహితుల్ని పోగేసి మొదలుపెట్టాడు రోటరీని. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవాళ్ళు, ఆ తిరగడం వల్లే ఆ పేరు. అంటే మొదట్లో తిరిగింది మీటింగు. ఇప్పుడు మీటింగు హాయిగా ఒకచోట కూర్చుంది, తిరిగేది గవర్నరు.

సరే, విజిట్‌లో ఏం చెయ్యాలి అంటే కాగితం మీద చాలా బావుంటుంది. ముందు ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్, మిగతా బోర్డుతో కూర్చోవాలి, మెంబర్లు ఎంతమంది పోయారు ఎంతమంది వచ్చారు, డ్యూస్ (మెంబర్‌షిప్ ఫీజు) కట్టారా, ఏ ప్రాజెక్టు ఎక్కడ ఆగింది, ఇవన్నీ మాట్లాడుకోవాలి, తర్వాతే అందరి ముందూ స్పీచ్. జరిగేది వేరు. కారు దిగగానే బొకే, దాంతో ఫొటో, ఎవరో ఫొటోలో లేరని మళ్ళీ ఫొటో, స్టేజీ మీదకి పిలవడానికి పది నిమిషాలు, ఒక్కొక్కరికీ ఒక్కో బొకే, తర్వాత నా పరిచయం. ఆ పరిచయం సంగతి చెప్పుకుంటే సిగ్గు. రెండు పేజీలు, నేనే రాయించి పంపింది, ప్రతి క్లబ్బులోనూ ఎవరో ఒకరు ఒక్క కామా వదలకుండా చదివేవారు, నా డిగ్రీల దగ్గర ఒకసారి, నా అవార్డుల దగ్గర ఒకసారి తడబడేవారు. పదో క్లబ్బుకే నాకే విసుగొచ్చింది, కానీ మానమని చెప్పలేదు, అబద్ధం ఎందుకు, కొంచెం బానే ఉండేది వినడానికి.

ఇప్పుడు అసలు సంగతి.

అక్టోబర్‌లో ఒక శనివారం, ఒకే రోజు మూడు క్లబ్బులు. ఎవరు పెట్టమన్నారంటే నేనే, వెనకపడిపోయానని. పొద్దున వెళ్ళిన క్లబ్బు పెద్దది, కంటి క్యాంపు చేశారు, స్క్రీన్ మీద వీడియో, డ్రోన్ షాట్‌తో సహా. కంటి క్యాంపులంటే సర్వీస్ క్లబ్బులకి ఎందుకంత ఇష్టమో తెలుసుగా, 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ కన్వెన్షన్‌కి వచ్చి చూపులేనివాళ్ళ తరఫున పోరాడమని అడిగింది, ఆ మాట పట్టుకుని ఇప్పటికీ చేస్తున్నారు, గొప్ప విషయమే. మధ్యాహ్నం రెండోది, అది గుర్తే లేదు. సాయంత్రం మూడోది 19 మంది మెంబర్లున్న చిన్న క్లబ్బు. క్లబ్బులు తమ పనులు నమోదు చేసే రిపోర్టింగ్ పోర్టల్‌లో ఆ ఏడాది వాళ్ళ ప్రాజెక్టులు సున్నా, ముందు ఏడాదీ సున్నా. ఆ జోన్ (చుట్టుపక్కల కొన్ని క్లబ్బులు) చూసే ఆయన కార్లోనే చెప్పాడు, "అది పోయిన క్లబ్బే సార్, మీరు ఓ మాట అంటే చార్టర్ (క్లబ్బు గుర్తింపు పత్రం) వెనక్కిచ్చేస్తారు" అని.

యాభై నిమిషాలు లేటుగా చేరాం. బోర్డు మీటింగ్ తర్వాత చూద్దాంలే అని నేరుగా మైకు దగ్గరికి వెళ్ళిపోయా. హాల్లో పద్నాలుగు మంది. అలసిపోయి ఉన్నా, పొద్దున్నుంచి అదే స్పీచ్ మూడోసారి, నోరు దానంతటది మాట్లాడుతోంది. "మీరు చేసిన కంటి క్యాంపు మన డిస్ట్రిక్ట్‌కే ఆదర్శం" అనేశాను. అని ఊరుకున్నానా, ఎంతమందికి పరీక్షలు చేశారో, ఎంతమందికి అద్దాలు ఇచ్చారో అంకెలతో సహా చెప్పా, పొద్దున విన్నవే కదా. చప్పట్లు కూడా కొట్టారు! ప్రెసిడెంట్ లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

చివర్లో వందన సమర్పణకి సెక్రటరీ లేచాడు. డెబ్భై దగ్గర వయసు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. మెల్లగా అన్నాడు: "గవర్నర్ గారు మెచ్చుకున్న కంటి క్యాంపు చాలా బాగా జరిగిందని మేమూ విన్నాం. అది మాది కాదు. చేసిన క్లబ్బుకి మా తరఫున కూడా అభినందనలు." అని కూర్చున్నాడు. అంతే.

రోటరీలో నాలుగు ప్రశ్నల పరీక్ష ఒకటుంది, 1932లో హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి మునిగిపోతున్న కంపెనీని నిలబెట్టడానికి రాసుకున్నది, మనం అనేది చేసేది ఏదైనా ముందు ఇది నిజమేనా అని మొదటి ప్రశ్న. నేను ఆ మొదటి దాన్లోనే ఫెయిలు, పద్నాలుగు మంది ముందు, మైకులో.

మీటింగయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళి క్షమించమన్నా. "దానికేముందండీ, రోజుకి ఎన్ని ఊళ్ళు తిరుగుతున్నారో" అన్నాడు. మరి మీరేం చేస్తున్నారు, పోర్టల్‌లో ఏం లేదేంటని అడిగా. వస్తే చూపిస్తానన్నాడు. వాళ్ళింటి వెనక ఒక రేకుల గది. తలుపు తీస్తే లోపల వీల్‌చెయిర్లు, వాకర్లు, చంకకర్రలు, కమోడ్ కుర్చీలు, తల వైపు లేపే హ్యాండిల్ ఉన్న ఆసుపత్రి మంచం ఒకటి, మంచాన పడ్డవాళ్ళకి వీపు పుళ్ళు పడకుండా గాలి మారుతుండే ఎయిర్ బెడ్లు, కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు రెండు. కావాల్సినవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు, అవసరం తీరాక తెచ్చిస్తారు, డబ్బు లేదు, డిపాజిట్ లేదు. మెంబర్లు ఇద్దరిద్దరు వంతులేసుకుని రిపేర్లు చేస్తారు. ముందు చక్రాల ఇరుసుకి జుట్టు చుట్టుకుని బిగుసుకుపోతుందట, పాదాలు పెట్టుకునే పలకలు ఊడిపోయి మళ్ళీ కనిపించవట, నేను వీల్‌చెయిర్లు దానమిచ్చి ఎన్ని ఫొటోలు దిగానో లెక్కలేదు గానీ ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

పోర్టల్‌లో ఎందుకు పెట్టలేదంటే, "పెడదామనే కూర్చున్నానండీ, మొదలైన తేదీ అడిగింది, రాశా. ముగిసిన తేదీ అడిగింది. ముగియలేదు కదా, ముందుకి పోనివ్వలేదు. ఫొటో అడిగింది. మంచంలో ఉన్న మనిషిని ఫొటో ఎలా తీస్తాం?" అన్నాడు. ఆ ఫారం మా టీమే తయారు చేసింది. నేనే ఓకే చేశా.

ఒక పాత లెడ్జర్ ఉంది. వస్తువు, తీసుకెళ్ళిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, రిపేరు. పేషెంట్‌కి ఎలా ఉందని రాసే గడి లేదు. అదేంటండీ, ఎంతమంది కోలుకున్నారో తెలిస్తే రిపోర్టుకి బావుంటుంది కదా అన్నా, గవర్నర్ బుర్ర కదా. ఆయన పుస్తకం మూస్తూ, "మంచం వెనక్కొచ్చిందంటే రెండే కారణాలండీ. మనం అడిగితే ఇంటివాళ్ళు ఏం చెప్పాలో తెలీక గుమ్మంలో నిలబడిపోతారు. అందుకని అడగం. వాళ్ళు చెప్తే వింటాం" అన్నాడు.

ఇంతలో ఫోన్. ఎవరింట్లోనో పెద్దాయన పడిపోయి తుంటి విరిగిందట, ఆసుపత్రి నుంచి అప్పుడే తెచ్చారట, వీల్‌చెయిర్ కావాలి, తీసుకెళ్ళడానికి బండి లేదు. నా కారుంది కదా అన్నాను. డిక్కీ తెరిస్తే ఆ రోజు మూడు క్లబ్బుల బొకేలు, మెమెంటోలు. అన్నీ తీసి ఆ రేకుల గదిలో పెట్టి కుర్చీ ఎక్కించాం. దాన్ని మడవడం కూడా నాకు తెలీదు, సీటు మధ్యలో పట్టుకుని పైకి లాగాలట, ఆయన చూపించాడు. రాత్రి పదిన్నరకి ఆ ఇంటి గుమ్మంలో కోటు, టై, ఛాతీ మీద మూడు పిన్నులతో నేను, వెనక కుర్చీతో ఆయన. తలుపు తీసినావిడ నన్ను చూసి ఏ ఆఫీసరో అనుకుని కంగారుపడిపోయింది. "ఈయనెవరండీ?" అంది. సెక్రటరీ నావైపు చూసి, "కుర్చీ తెచ్చిన కారు ఈయనదమ్మా" అన్నాడు.

63 విజిట్లలో నాకు జరిగిన అతి పొట్టి పరిచయం అదే.

ఆ వారమే రెండు పేజీల బయోడేటా ఆపేశా. ముందు సెక్రటరీతో ఇరవై నిమిషాలు, తర్వాత బోర్డు, స్పీచ్ ఐదు నిమిషాలు, లేటైతే స్పీచే ఎగిరిపోవాలి గానీ బోర్డు కాదు అని మెసేజ్ పెట్టా. జోన్ వాళ్ళు గొణిగారు, కొందరు ప్రెసిడెంట్లు అలిగారు, "మా ఏడాదిలోనే ఇలా చెయ్యాలా" అని. అలగనివ్వండి. నన్నడిగితే పది క్లబ్బుల్లో తొమ్మిది సెక్రటరీ మీదే నడుస్తాయి, ప్రెసిడెంట్ ఏడాదికి ఒకడు మారతాడు, మెడలో వేసుకునే ఆ పదవి దండ (కాలర్) ఎంత బరువుంటే అంత తక్కువ పని చేస్తాడు. దీనికి నా దగ్గర లెక్కలు అడక్కండి, తిరిగినవాడికి తెలుస్తుంది.

అంకెలే వద్దనట్లేదు నేను. పోలియోనే చూడండి, రోటరీ 1985లో ప్రపంచమంతటా దాని మీద పోరు మొదలుపెట్టింది, 1988లో 125 దేశాల్లో ఉన్న జబ్బు ఇప్పుడు వైల్డ్ వైరస్ రెండు దేశాల్లో పాతుకుపోయి మిగిలింది, పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్. ఇంటింటికీ వెళ్ళి ఎవరికి చుక్కలు పడ్డాయి ఎవరికి పడలేదు అని పిల్లల్ని లెక్కపెట్టకపోతే అది అయ్యేదా. పిల్లల్ని లెక్కపెట్టడం వేరు, బ్యానర్లు లెక్కపెట్టడం వేరు, మా పోర్టల్ రెండోదానికి బాగా పనికొచ్చేది. హాజరు సంగతీ అంతే. ఒకప్పుడు రోటరీలో ప్రతి వారం మీటింగ్ తప్పనిసరి, తప్పితే ఇంకో క్లబ్బు మీటింగ్‌కి వెళ్ళి ఆ హాజరు పూడ్చుకోవాలి, దాన్ని మేకప్ అనేవాళ్ళు, 2016లో సడలించి నెలకి కనీసం రెండు చాలన్నారు. దాంతో క్లబ్బులు పాడైపోయాయని ఏడ్చే సీనియర్లని ప్రతి ఊళ్ళోనూ చూశా, వాళ్ళే మీటింగ్ సగంలో ఫోన్ చూసుకుంటూ ఉంటారు. ఆ రేకుల గది క్లబ్బువాళ్ళు నెలకి ఒక్కసారి సరిగ్గా కూర్చుంటే గొప్ప.

మీ ప్రశ్న మర్చిపోలేదు. మీ నాన్నగారికి ఈ రెండు చెప్పండి. రాత్రి విజిట్లకి తనే కారు నడపొద్దు, నేను ఒకసారి నిద్రలో పక్క లైన్‌లోకి వెళ్ళిపోయి హారన్ చప్పుడికి లేచా, ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. ఇంకోటి, ఒకే రోజు మూడు క్లబ్బులు పెట్టుకోవద్దు, ఎవరి క్యాంపు ఎవరిదో తెలీకుండా పోతుంది. మీకు వీలైతే ఒకసారి మీరే ఆయనతో వెళ్ళండి, పెద్ద క్లబ్బుకి కాదు, ఎవరూ వెళ్ళొద్దనే క్లబ్బుకి. మెమెంటోలకి ఇప్పట్నుంచే చోటు చూసి పెట్టుకోండి. మా అటక మీద గడియారాలే తొమ్మిదున్నాయి, ఏ రెండూ ఒకే టైం చూపించవు.

ఇంతకీ సాకా కాదా అన్నారు కదా. సగం సాకే. మా ఆవిడ లేచి ఇది చదివితే ముప్పావు అంటుంది.