చలికాలంలో క్రూజ్, వాలెట్టాలో ఒక్క రోజు: మా అనుభవం

అమ్మానాన్నలతో మెడిటరేనియన్ క్రూజ్‌కి వెళ్తున్నామని, ఫిబ్రవరిలో ఓడ మాల్టాలోని వాలెట్టాలో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆగుతుందని రాశారు. ఆఫ్ సీజన్‌లో అన్నీ మూసేసి ఉంటాయా, నాన్నగారి మోకాళ్ళ నొప్పికి ఆ ఊరు పనికొస్తుందా, ఓడవాళ్ళు అమ్మే టూర్ తీసుకోవాలా అన్నవి మీ సందేహాలు. మేము జనవరిలో 68 ఏళ్ళ మా అమ్మని తీసుకుని సరిగ్గా అలాంటి రోజే అక్కడ గడిపి వచ్చాం. నేనైతే టూర్ వద్దనే చెప్తాను. ఊరు దాటి కూడా వెళ్ళకండి. ఓడ దిగిన చోటు నుంచి నడిచి అందుకోగలిగిన వాటితోనే ఆ రోజు నిండిపోతుంది.

టూర్ వద్దని ఎందుకంటున్నానంటే, అంతకు రెండు రోజుల ముందు ఇంకో రేవులో తీసుకుని అనుభవించాం. బస్సులో కూర్చున్న టైమే ఎక్కువ. చూడాల్సిన కోట దగ్గర పాతిక నిమిషాలు ఆపి, తోలు సంచుల షాపు దగ్గర ముప్పావు గంట ఆపారు. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు కానీ ఆ రాత్రి భోజనానికి రాకుండా పడుకుంది. మర్నాడు గాలి ఎక్కువగా ఉందని ఒక రేవు అసలు వదిలేసి సముద్రంలోనే ఉండిపోయాం. చలికాలం క్రూజుల్లో ఇది మామూలే. ఈశాన్యం నుంచి వీచే గాలిని మాల్టాలో గ్రిగాల్ అంటారు. వాలెట్టా పక్కనున్న పెద్ద రేవు, అదే గ్రాండ్ హార్బర్, నోరు తెరుచుకుని ఉండేది కూడా ఆ దిక్కుకే. అందుకని డబ్బు వెనక్కి రాని టికెట్లేవీ ముందుగా కొనకండి.

ఆ ఉదయం ఇంకా చీకటి ఉండగానే అమ్మని లేపి, శాలువా కప్పి డెక్ మీదకి తీసుకెళ్ళాను. మీరూ ఈ పని తప్పకుండా చెయ్యండి. ఓడ లోపలికి వస్తుంటే కుడివైపు సెయింట్ ఎల్మో కోట, ఎడమవైపు రికాసోలి కోట, మధ్యలో నల్లటి నీళ్ళు. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ గోడలన్నీ కొత్త బెల్లం రంగులోకి తిరుగుతాయి. ఊరంతా ఆ ఒక్క సున్నపురాయితోనే కట్టారు. 1565లో ఒట్టోమన్ సేన ముట్టడించినప్పుడు ఎల్మో కోట దాదాపు నెల రోజులు నిలబడి జూన్ 23న పడిపోయింది, కానీ సెప్టెంబర్‌కి ముట్టడి వీగిపోయింది. మళ్ళీ అలాంటిది రాకూడదని, అప్పట్లో మాల్టాని ఏలిన నైట్స్ అనే క్రైస్తవ యోధుల సంఘం నాయకుడు జాన్ డి వాలెట్ 1566 మార్చి 28న ఈ ఊరికి పునాది రాయి వేయించాడు. ఊరి పేరు ఆయన పేరే. కోట ముందు, ఊరు తరువాత అన్నది ఓడ మీంచి చూస్తేనే కళ్ళకి కడుతుంది. అందుకే రూములో కాఫీ తాగుతూ ఈ అరగంట పోగొట్టుకోవద్దంటాను.

ఇక మోకాళ్ళ సంగతి. ఊరు గుట్ట మీద ఉంటుంది, వీధుల్లో చాలా భాగం మెట్లే. వాన పడితే ఆ రాతి మెట్లు సబ్బు రాసినట్టు జారతాయి, ఫిబ్రవరిలో వాన పడొచ్చు కూడా. అయితే ఓడ ఆగే చోటు నుంచి పది, పదిహేను నిమిషాలు రోడ్డు పక్కన చదునుగా నడిస్తే బరాక్కా లిఫ్ట్ వస్తుంది. 58 మీటర్ల ఎత్తు ఒక్కసారిగా ఎక్కించి నేరుగా అప్పర్ బరాక్కా తోటలో దింపుతుంది. మేము వెళ్ళినప్పుడు మనిషికి 1 యూరో. అక్కడ నుంచి సెయింట్ జాన్స్ కో-కథీడ్రల్ అనే పెద్ద చర్చి దాకా దాదాపు చదునైన దారే. ఊరి ముఖ్య వీధి రిపబ్లిక్ స్ట్రీట్ చివరి దాకా, అంటే ఎల్మో కోట దాకా మాత్రం నాన్నగారిని నడిపించకండి. వెళ్ళేటప్పుడు దిగుడు హాయిగానే ఉంటుంది, తిరిగి ఎక్కాలి కదా.

కథీడ్రల్‌కి తలుపులు తీసే సమయానికే వెళ్ళండి. సన్నటి మడమల చెప్పులు, చేతుల్లేని బట్టలు ఒప్పుకోరు. నేల మొత్తం నైట్స్ సమాధుల మీది రంగురాళ్ళ పలకలే, దాదాపు 400 ఉంటాయి. పక్కనున్న ఆరటరీ అనే ప్రార్థన గదిలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో వేసిన పెద్ద చిత్రం ఉంది: బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికే దృశ్యం. 5 మీటర్ల పైన వెడల్పు, గోడ నిండా అదే. వేసవిలో ఈ గదిలో నిలబడటానికే చోటుండదని అక్కడి గార్డు అన్నాడు. ఆ రోజు అమ్మ, నేను, ఆ గార్డు అంతే. అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టాను. ఇరవై నిమిషాలు మమ్మల్ని ఎవరూ కదపలేదు.

జైలు ముంగిట యోహాను నేల మీద పడి ఉంటాడు. తలారి ఇంకా పని పూర్తి చెయ్యడానికి వీపు వెనక చెయ్యి పెట్టి కత్తి తీస్తుంటాడు. ఒక అమ్మాయి పళ్ళెం పట్టుకుని వంగి ఉంటుంది. కిటికీ ఊచల వెనక నుంచి ఇద్దరు ఖైదీలు తొంగి చూస్తుంటారు. కుడివైపు సగం దాదాపు ఖాళీ గోడే. మెడ నుంచి కారిన రక్తంలోంచే చిత్రకారుడి సంతకం వస్తుంది. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే. అమ్మకి చిత్రకళ గురించి ఏమీ తెలియదు. చాలాసేపు చూసి, "తన తల చేతుల్లో పట్టుకున్న ఆ ముసలావిడ ఒక్కతే బాధపడుతోందమ్మా, మిగతావాళ్ళంతా ఎవరి పని వాళ్ళు చూసుకుంటున్నారు" అంది. ఆ బొమ్మ గురించి నేను చదివిన వాటిల్లో ఏదీ నాకు అంత బాగా చెప్పలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో, ఇదే గదిలో, ఇదే బొమ్మ ముందు కారవాజ్జోని నైట్స్ తమ సంఘం నుంచి వెలేశారు. అప్పటికే ఆయన జైలు నుంచి తప్పించుకుని ద్వీపం దాటిపోయాడు.

తిండి గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. పస్తిట్సి అని పొరలు పొరలుగా ఉండే చిన్న పఫ్‌లు అమ్ముతారు. ఒక రకంలో రికోట్టా చీజ్, ఇంకో రకంలో మెత్తగా ఉడికించిన బఠాణీ ముద్ద. వేడివేడిగా కాగితంలో పెట్టిస్తే, నూనె కాగితాన్ని తడిపేస్తూ వేళ్ళకి అంటుకుంటుంది. బఠాణీ దాన్ని కొరకగానే అమ్మ ముఖం వెలిగింది. గాజు గ్లాసులో చిక్కటి పాలు పోసిన టీ ఇస్తారు, మన హోటల్ టీకి దగ్గర చుట్టమే. శాకాహారులైతే ఒక్క జాగ్రత్త: కొన్ని చోట్ల పిండిలో పంది కొవ్వు కలుపుతారు, అడిగి తీసుకోండి. ఇంగ్లీషు అక్కడ అధికార భాషే కాబట్టి ఇబ్బంది ఉండదు. మేము తిన్న చోట గ్లాసులు కడుగుతున్న కుర్రాడు మా మాటలు విని బయటికొచ్చాడు. నిజామాబాద్ దగ్గర ఊరట. అమ్మతో పది నిమిషాలు మాట్లాడి, డబ్బులు తీసుకోవద్దని యజమానితో గొడవ పెట్టుకున్నాడు. ఇచ్చే వచ్చాం.

పన్నెండుకి పది నిమిషాల ముందే మళ్ళీ బరాక్కా తోటకి రండి. కింద బురుజు మీద ఫిరంగి పేలుస్తారు. చప్పుడు గుండెలో తగులుతుంది, నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. తరువాత లిఫ్ట్‌లో దిగితే రోడ్డుకి అవతల ఫెర్రీ. ఎదురుగా ఉన్న బిర్గు వైపు కొద్ది నిమిషాల్లో చేరుస్తుంది. నీళ్ళు నిమ్మళంగా ఉంటే దైసా అనే సన్నటి చెక్క పడవ ఎక్కండి, మాకు మనిషికి 2 యూరోలు తీసుకున్నాడు. ముట్టడి నాటికి నైట్స్ ఉండేది బిర్గులోనే. ఆ మధ్యాహ్నం సందుల్లో బట్టలు ఆరేసుకుంటున్న ఆడవాళ్ళు, రంగుల చెక్క బాల్కనీల్లోంచి ఒకరినొకరు పిలుచుకోవడం తప్ప చప్పుడు లేదు. గోడ పక్క ఎండలో అమ్మ ఒక గంట కూర్చుంది. చలికాలంలో వెళ్ళినందుకే దొరికిన గంట అది.

ఉష్ణోగ్రత పగలు 15 డిగ్రీల చుట్టూ ఉన్నా సముద్రపు గాలికి వణుకు పుడుతుంది. స్వెట్టర్ కన్నా గాలి ఆపే జాకెట్ మేలు. మధ్యాహ్నం చిన్న షాపులు మూసేస్తారు, కొనాల్సినవి ఉంటే పొద్దున్నే కొనుక్కోండి. వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లోనే మాల్టా ఉంది కానీ, మీ ఓడ దారిలో ట్యునీషియా లాంటి చోట ఆగితే షెంగెన్ దాటి మళ్ళీ లోపలికి వచ్చినట్టు లెక్క. ఎక్కాల్సిన టైమ్ 5 కాదు, అంతకు ముందే ఉంటుంది. ఓడ దిగేటప్పుడు బోర్డు చూసి ఫోటో తీసుకోండి.

మీ ఓడ ఏ తేదీన ఆగుతుందో రాయలేదు. ఆదివారమైతే కథీడ్రల్‌లోకి సందర్శకులని రానివ్వరు, అప్పుడు బిర్గుని పొద్దున్నకి మార్చుకోండి. ఫిబ్రవరి 10 అయితే సెయింట్ పాల్ ఓడ బద్దలైన పండుగ. ఆ రోజు సెలవు, షాపులు తెరవరు కానీ విగ్రహాన్ని భుజాల మీద మోస్తూ వాలెట్టా వీధుల్లో ఊరేగిస్తారు. తేదీ చెప్తే ఆ రోజుకి తగ్గట్టు ఏది ముందు, ఏది తరువాతో కింద రాస్తాను.