పైకి వెళ్తే చలి, ఇంకా పైకి వెళ్తే వేడి?

ప్రశ్న: పైకి వెళ్లేకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి చలి పెరుగుతుందేం? ఇంకా పైన మళ్లీ వేడెక్కుతుందంటారు. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. ముందు ఆ ‘దగ్గర’ సంగతి: సూర్యుడు ఉన్నది దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరాన. మీరు 10 కిలోమీటర్లు ఎక్కినా అది లెక్కలోకి రాదు.

గాలి ఎండకు నేరుగా పెద్దగా కాగదు. కాగేది నేల, గాలికి వేడి అందేది నేల నుంచే. అలా వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది, ఆ పనికి తన వేడినే ఖర్చుపెట్టి చల్లబడుతుంది. పొడిగాలి కిలోమీటరుకు దాదాపు 9.8 డిగ్రీలు కోల్పోతుంది. మేఘం కట్టే గాలిలో ఆవిరి నీటిబొట్లవుతూ వేడిని వదులుతుంది, అందుకని తగ్గుదల మందగిస్తుంది. మొత్తం మీద సగటు 6.5 డిగ్రీలు. కింద 30 డిగ్రీల సెల్సియస్ ఉంటే 10 కిలోమీటర్ల ఎత్తున సుమారు మైనస్ 35 అన్నమాట.

ఇది సగటే సుమా. గాలి లేని, మబ్బు లేని చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లారి, కింది గాలే పైదానికన్నా చల్లగా ఉంటుంది. పొగ పైకి పోకుండా నేలబారున పరుచుకునేది అప్పుడే.

ఈ లెక్కను ఎంత ఎత్తుకైనా లాగితే తప్పొస్తుంది. ఈ తగ్గుదల సాగే కింది గాలిపొర, అంటే ట్రోపో ఆవరణం, ధ్రువాల దగ్గర 8-9, భూమధ్యరేఖ దగ్గర 16-18 కిలోమీటర్లతో సరి. ఆపైన తగ్గుదల ఆగిపోతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త టెస్రాన్ ద బోర్ 1902లో ప్రకటించాడు. పరికరానికి ఎండ తగిలి తప్పు చూపిస్తోందేమోనని ఆయన రాత్రిళ్లు కూడా బెలూన్లు వదిలి చూశాడు.

దాని పైపొర అయిన స్ట్రాటో ఆవరణంలో ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని గాలిని వేడిచేస్తుంది. ఓజోన్ దట్టంగా ఉండేది 20-25 కిలోమీటర్ల మధ్య. వేడి ఎక్కువుండేది మాత్రం 50 దగ్గర, సుమారు సున్నా డిగ్రీలు. కిరణాలు ముందు తగిలేది పై అంచుకే, పైగా అక్కడి గాలి పలుచన కాబట్టి కొద్దిపాటి శక్తికే వేడెక్కుతుంది. ఆ పైనున్న మీసో ఆవరణంలో మళ్లీ తగ్గుదలే: 85 కిలోమీటర్ల దగ్గర సుమారు మైనస్ 90.

ప్రశ్న: దానికీ పైనున్న థర్మో ఆవరణంలో 1000 డిగ్రీలు దాటితే ఉపగ్రహాలు కరిగిపోవా?

జవాబు: కరగవు. ఉష్ణోగ్రత అంటే అణువుల వేగానికి కొలత. అక్కడ ఒక్కో అణువు వేగం ఎక్కువే, తగిలే అణువులే బహు తక్కువ. ఉపగ్రహం వేడి తేల్చేది దాని మీద పడే ఎండ, అది బయటికి వదిలే పరారుణ కిరణాలు. అందుకే భూమి నీడలోకి వెళ్లగానే, చుట్టూ అంత ‘వేడి’ ఉన్నా, దాని ఉపరితలం చల్లబడిపోతుంది.