బస్తా మధ్యలో చెయ్యి పెట్టి చూడు

హనుమకొండ,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి సౌభాగ్యవతి మా చెల్లెలి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. "పెద్దమ్మా, పిల్లవాడికి చదువు చెప్పే యాప్ 36 వేలట, తీసుకోవాలా వద్దా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో అయితే వద్దు. కానీ అంతటితో ఊరుకుంటే వచ్చే నెల ఇంకొకరు ట్యాబ్ పట్టుకుని మీ గుమ్మం ఎక్కుతారు, నువ్వు మళ్ళీ నాకే ఫోను చేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. 31 ఏళ్ళు సర్కారు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, క్లుప్తంగా రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు కదా.

పరకాలలో మీ ఇంటికి ఆ యాప్ అమ్మడానికి వచ్చిన అబ్బాయి చేసిన పనులు వరుసగా గుర్తు చేసుకో. మొదటి పాఠం చూపించాడు, బొమ్మలు కదిలాయి, మనవడి కళ్ళు మెరిశాయి. తర్వాత పది ప్రశ్నలు ఇచ్చి, వాడికి నాలుగే వచ్చాయని నీ ముందే అన్నాడు. నీ ముఖం చిన్నబోయింది. అప్పుడు, ఈ రాత్రి పన్నెండు దాటితే ఈ ధర ఉండదన్నాడు. ఆ ప్రశ్నలు ఎవరు తయారు చేశారు బిడ్డా? అమ్మేవాడే కదా! వైద్యుడూ వాడే, మందుల దుకాణమూ వాడిదే అయితే జబ్బు లేనివాడు ఎక్కడ దొరుకుతాడు? ఇక పన్నెండు గంటల గడువు సంగతి. లేని తొందరను పుట్టించి కొనిపించడాన్ని మోసపు పద్ధతుల జాబితాలో చేర్చి, 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. చేరడం తేలికగా, బయటపడడం కష్టంగా ఉండే చందా ఉచ్చు కూడా ఆ జాబితాలోనే ఉంది.

మీ తాతయ్య ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్ళేటప్పుడు ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్ళాను. ఖరీదుదారు బస్తా పైన ఎర్రగా నిగనిగలాడే కాయలను చూసి ధర చెప్పడు. మూతి విప్పించి, మోచేతిదాకా లోపలికి పెట్టి, మధ్యలోంచి గుప్పెడు తీస్తాడు. తాలు ఎంత ఉందో, చెమ్మ ఎంత ఉందో అక్కడే తెలుస్తుంది. మీ తాతయ్యకు కోపం వచ్చేది కానీ, విత్తనాలు కొనేటప్పుడు ఆయన చేసేదీ అదే. యాప్‌లో మొదటి పాఠం బస్తా పైన పరిచిన కాయ. దానిమీద కంపెనీ పెట్టినంత శ్రద్ధ పదహారో పాఠంమీద పెట్టి ఉండకపోవచ్చు. నువ్వు చూడవలసింది ఆ పదహారో పాఠం.

అది ఎలా చూడాలో చెబుతాను. చాలా యాప్‌లు వారమో పదిరోజులో ఉచితంగా వాడనిస్తాయి. ఆ వారాన్ని దసరా సెలవుల్లో పెట్టుకోకు. సెలవుల్లో కొత్త వస్తువు ఏదైనా పిల్లలు పొద్దస్తమానం పట్టుకుంటారు, నువ్వు మురిసిపోయి డబ్బు కడతావు. బడి నడుస్తున్న మామూలు వారంలో, హోంవర్కు మీద పడి ఉన్నప్పుడు, ఆటనుంచి అలసి వచ్చినప్పుడు వాడు దాన్ని తెరుస్తాడా లేదా అన్నదే అసలు సంగతి.

వాడికి రాని పాఠం ఒక్కటి ఎంచుకో. బహుపదుల దగ్గర ఆగిపోయాడన్నావు కదా, అదే పెట్టుకో. యాప్ తెరవకముందే పుస్తకంలోంచి ఐదు లెక్కలు ఇచ్చి కాగితంమీద చేయించు. ఎన్ని వచ్చాయో రాసి, ఆ కాగితం దాచిపెట్టు. తర్వాత నాలుగు రోజులు యాప్‌లో ఆ పాఠం చూడనివ్వు. ఆపైన రెండు రోజులు దాని జోలికి పోనివ్వకు. మూడో రోజు అలాంటివే మరో ఐదు లెక్కలు ఇవ్వు. అప్పుడు పక్కన యాప్ ఉండకూడదు, నువ్వు కూడా ఉండకూడదు. యాప్‌లో వచ్చిన నక్షత్రాలు, పతకాలు, "అద్భుతం" అనే చప్పట్లు ఏవీ లెక్కలోకి తీసుకోకు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే నీకే తెలుస్తుంది.

మధ్యలో ఆ రెండు రోజులు ఎందుకని అడుగుతావని తెలుసు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరిచేత ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు. మరికొందరిచేత చదివించాక ఆ కాగితం పక్కన పెట్టించి, గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే రాసినవాళ్ళు వాళ్ళను దాటిపోయారు. వీడియో చూడగానే అంతా వచ్చేసినట్టు ఉంటుంది. ఆ ఐదు నిమిషాల తెలివికి మనం 36 వేలు కట్టకూడదు.

నువ్వు ఇంటర్‌తో ఆపేశావు కాబట్టి వాడి లెక్కలు తప్పో ఒప్పో ఎలా చెప్పగలనని బెంగపడకు. "ఎందుకు" అని అడగడానికి డిగ్రీ అక్కరలేదు. ఎక్స్ వర్గం ప్లస్ 5 ఎక్స్ ప్లస్ 6 అనే లెక్కలో ఆ 5ను 2గా, 3గా విడగొడతారు. ఎందుకు విడగొట్టావురా అని అడుగు. "వీడియోలో సార్ అలాగే చేశారు" అన్నాడంటే వాడు చూశాడు, అంతే. "గుణిస్తే 6 రావాలి, కూడితే 5 రావాలి" అన్నాడంటే నేర్చుకున్నాడు. నమ్మకం కుదరకపోతే చివరి 6 ముందు ప్లస్ తీసేసి మైనస్ పెట్టి ఇవ్వు. చూసినవాడు మళ్ళీ 2, 3 అనే అంటాడు. నేర్చుకున్నవాడు కాసేపు తల గోక్కుని, ప్లస్ 6, మైనస్ 1 అంటాడు. నా మొత్తం సర్వీసులో ఇంతకంటే మంచి పరీక్ష నాకు దొరకలేదు.

ఇంకొకటి కూడా చూడు. వాడు ఒక లెక్క దగ్గర ఆగిపోయినప్పుడు యాప్ ఏం చేస్తోంది? వాడు ఏ మెట్టులో జారాడో చెబుతోందా, లేక అదే వీడియోను మళ్ళీ పెట్టి చేతులు దులుపుకుంటోందా? సందేహాలకు జవాబులిస్తామన్నారు కదా, రాత్రి ఎనిమిదికి వాడిచేత ఒక సందేహం పంపించు. మర్నాడు బడికి వెళ్ళేలోగా రాకపోతే ఆ జవాబుతో వాడికి పనిలేదు.

సిలబస్ సంగతి చాలామంది గమనించరు. మీకు అంటగట్టాలని చూసింది తొమ్మిది, పది కలిపిన రెండేళ్ళ ప్యాకేజీ. మన తెలంగాణ పదో తరగతి గణితంలో సమితులు ఉంటాయి, సంవర్గమానాలు ఉంటాయి, గుణశ్రేఢి ఉంటుంది. సీబీఎస్ఈ పదో తరగతిలో ఇవి ఉండవు. ఆ యాప్‌లో పదో తరగతి విషయసూచిక తెరిచి ఈ మూడూ ఉన్నాయేమో వెతుకు. లేకపోతే అది ఢిల్లీ పుస్తకాన్ని చూసి చేసిన సరుకు, పైన మన రాష్ట్రం పేరు అతికించారు, అంతే. వాడు తెలుగు మాధ్యమంనుంచి ఇంగ్లిషు మాధ్యమానికి మారినవాడు. యాప్‌లో ఆ సారు గుక్క తిప్పుకోకుండా ఇంగ్లిషులో చెబుతుంటే వాడు తల ఊపుతాడు కానీ, సగం పదాలు వాడికి తగలవు. బడిలో ఇచ్చిన ద్విభాషా పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు ఉంటాయి. దాన్ని ముందు పెట్టుకుని వినమను.

ఇక డబ్బు. ఇక్కడ నా తల కూడా బొప్పి కట్టింది, దాచుకోవడం దేనికి? మూడేళ్ళ క్రితం మా మనవరాలికి ఇంగ్లిషు మాట్లాడడం నేర్పే యాప్ ఒకటి తీసుకున్నాను. ఏడాదికి 2,999 రూపాయలు. అది పదకొండు రోజులు వాడింది. పన్నెండో రోజు దానికి జలుబు చేసింది, జలుబుతోపాటు ఇంగ్లిషూ పోయింది. నేను ఫోనులోంచి యాప్ తీసేసి, పీడ వదిలిందనుకున్నాను. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన నా పెన్షన్ ఖాతాలోంచి మళ్ళీ 2,999 పోయాయి. యాప్ తీసేస్తే చందా రద్దు కాదని నాకు అప్పటిదాకా తెలియదు. డబ్బు పోవడానికి ముందురోజు సందేశం కూడా వచ్చింది. ఏదో ప్రకటన అనుకుని చదవలేదు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 2021 అక్టోబరునుంచి ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మనకు చెప్పాలి. చెప్పారు. చదవనిది నేను.

అందుకని ఉచిత వారం మొదలుపెట్టిన రోజే, అది ముగియడానికి రెండు రోజుల ముందుకు ఫోనులో అలారం పెట్టుకో. ప్లేస్టోర్‌లో చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్లు అని ఒక చోటు ఉంటుంది, అక్కడికి వెళ్ళి రద్దు చేయి. యూపీఐ ద్వారా కట్టి ఉంటే, నువ్వు వాడే యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట ఇచ్చిన అనుమతులన్నీ కనిపిస్తాయి. అక్కడా చూడు. ఆటోమేటిక్‌గా డబ్బు కోసుకునే పద్ధతికి ఒప్పుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులను హెచ్చరించింది.

నెలకు 1,500 చొప్పున 24 వాయిదాలు అన్నాడట. అల్లుడికి ఇది తేలికగా అనిపించి ఉంటుంది. అది ఫీజు కాదు, అప్పు. యాప్ కంపెనీకి డబ్బు మొత్తం ముందే ఇచ్చేది వేరే రుణ సంస్థ, మీ సంతకం ఆ సంస్థ కాగితంమీద పడుతుంది. నాలుగు నెలల తర్వాత వాడు యాప్ మానేసినా వాయిదా మానదు. కట్టకపోతే రేపు అల్లుడు దుకాణానికి బ్యాంకు రుణం అడిగినప్పుడు ఆ మచ్చ కనిపిస్తుంది. పైగా రెండేళ్ళంటే చాలా దూరం. ఇలాంటి యాప్‌లలో దేశంలో అందరికంటే పెద్ద పేరు తెచ్చుకున్న బైజూస్ కంపెనీయే 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. కాబట్టి ఏ యాప్ అయినా నెల చందా ఉంటేనే తీసుకో. నెల లెక్కన చూస్తే ఖరీదు ఎక్కువ కదా అంటావు. ఆ ఎక్కువ కట్టేది ఎప్పుడైనా వదిలేసే స్వేచ్ఛకు. ఇంకో లెక్క కూడా వేసుకో. నెలకు 1,500 అంటే రోజుకు 50 అని అమ్మేవాళ్ళు చెబుతారు. వాడు నెలలో ఎనిమిది రోజులే తెరిస్తే రోజుకు 187 పడుతుంది. ఆ డబ్బుకు మీ వీధిలో ట్యూషన్ చెప్పే డిగ్రీ అమ్మాయి వాడి పక్కన కూర్చుని, ఎక్కడ తప్పు చేశాడో వేలు పెట్టి చూపిస్తుంది.

ఇప్పటికే డబ్బు కట్టి చిక్కుకున్నవాళ్ళు మీ వాడలో ఎవరైనా ఉంటే 1915కు ఫోను చేయమను, అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ ఎక్కడిదైనా, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఉచితంగా దొరికేవాటి గురించి కూడా చెప్పాలి. పాఠ్యపుస్తకంలో పాఠాల దగ్గర అచ్చయిన క్యూఆర్ కోడ్‌ను సర్కారువారి దీక్ష యాప్‌తో చూస్తే ఆ పాఠానికి సంబంధించినవి వస్తాయి. మన రాష్ట్ర ప్రభుత్వం నడిపే టీ-శాట్ విద్య చానల్లో మన సిలబస్ పాఠాలే వస్తాయి. ఖాన్ అకాడమీ లాభాపేక్ష లేని సంస్థ, లెక్కల సాధనకు చాలా బాగుంటుంది. అన్నీ గొప్పగా ఉంటాయని నేననను. దీక్షలో కొన్ని వీడియోలు చూస్తుంటే నాకే నిద్ర వచ్చింది. అయినా ముందు వీటితో ఒక నెల గడిపి, వీటిలో లేనిదేమిటో తెలుసుకున్నాక ఆ లేనిదానికి డబ్బు కట్టు. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం గురించి మీ తాతయ్య చెబుతుండేవారు. గ్రంథాలయానికి చందా కట్టిన నెలలో పుస్తకం తెచ్చుకోకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. ఫోనులో కనబడకుండా పోయే చందాకు ఆ బాధ ఉండదు, అదే దానితో వచ్చిన చిక్కు.

యాప్‌లన్నీ దండగ అని నేను అన్నట్టు అల్లుడితో చెప్పకు. నాతో పనిచేసిన టీచరమ్మ కూతురు ఆసుపత్రిలో నర్సు. పగలో రాత్రో డ్యూటీ, ఏ కోచింగ్ సెంటర్ వేళలూ ఆమెకు కుదరవు. గ్రూప్స్ పరీక్షకు నమూనా ప్రశ్నపత్రాల యాప్ ఒకటి తీసుకుని, డ్యూటీనుంచి వచ్చి రోజుకొకటి రాసేది. తప్పులన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించుకునేది. ఆమె కట్టిన ప్రతి రూపాయికీ పని జరిగింది. ఏం కావాలో ఆమెకు ముందే తెలుసు. మన వాడికి ఏం కావాలో ఇంకా మనకే తెలియదు.

కాబట్టి ఆ అబ్బాయి మళ్ళీ ఫోను చేస్తే, దసరా దాటాక చూస్తామని చెప్పు. ఓటీపీ మాత్రం ఎవరు అడిగినా చెప్పకు, రిజిస్ట్రేషన్ కోసమే అన్నా సరే. రేపటినుంచే ఆ ఐదు లెక్కల పని మొదలుపెట్టు. మార్కులు తక్కువ వచ్చాయని వాడిమీద అరవకు, అది పరీక్ష పెడుతున్నది యాప్‌కు, వాడికి కాదు. ఆ మాట వాడితో కూడా చెప్పు, సరదాగా చేస్తాడు.

సద్దుల బతుకమ్మకు ఎలాగూ వస్తారు కదా, వాడి నోటుబుక్కు, ఆ రెండు కాగితాలు తీసుకురండి. నేను చూస్తాను. నువ్వుల సత్తుపిండి ఈసారి నేనే చేస్తాను, నువ్వు మలీద చేసుకురా. తంగేడు పువ్వు ఇక్కడ దొరకడం కష్టమైపోయింది, వచ్చేదారిలో కనబడితే నాలుగు కట్టలు కోయించి తీసుకురమ్మని అల్లుడికి చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ