మావయ్య కొట్లో ట్యాబ్

ప్రశ్న: బీటెక్ అయ్యి ఏడాదైంది. ఫోన్లకి రెండు చిన్న యాప్‌లు చేశాను. ఈమధ్య ఆండ్రాయిడ్ ట్యాబ్ కొన్నాను, దీనికోసమే ఏదైనా చేయాలని ఉంది. పిల్లల బొమ్మల యాప్, వార్తలది, నోట్స్‌ది అనుకున్నాను గానీ తేల్చుకోలేక ఒకటే టెన్షన్. ఖాళీ దొరికితే మిర్చి యార్డులో మా మావయ్య కమీషన్ కొట్లో కూర్చుంటాను. ఏది చేయమంటారు?
ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ మూడు ఐడియాలూ వదిలేసి, ఊరికే చివర్లో రాసిన ఆ కొట్టు మాట దగ్గరే నేను ఆగిపోయాను. వార్తలు జనం ఫోన్లోనే చూస్తారు, బొమ్మల యాప్‌లు, నోట్స్ యాప్‌లు ప్లే స్టోర్‌లో గంపలకొద్దీ ఉన్నాయి. ట్యాబ్ జేబులో పట్టదు, అదే దాని బలం. బల్ల మీద పెడితే ఇద్దరు కలిసి చూడొచ్చు.

రైతు తెచ్చిన మిర్చి టిక్కీలు (బస్తాలు) దింపి, బేరం కుదిరి, కాటా అయ్యాక పట్టీ, అంటే లెక్క చీటీ, రాస్తారు కదా. తూకమెంత, క్వింటా ధరెంత, హమాలీకి ఎంత పోయింది, పురుగుమందులకి ముందు తీసుకున్న డబ్బులో ఎంత పట్టుకున్నారు, ఇదంతా గుమస్తా గబగబా రాసిస్తే రైతు చివరి అంకె ఒక్కటే చూసుకుని వెళ్తాడు. ఆ లెక్కని పెద్ద తెలుగు అక్షరాల్లో రైతు వైపు తిప్పి చూపించే యాప్ చేయండి. (మావయ్యగారు ఒప్పుకుంటారా అన్నది ముందు ఆయన్నే అడగండి!) అడ్డంగా పెట్టిన తెర వెడల్పు 840 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర కొలత) దాటితే ఎడమవైపు రైతుల పేర్లు, కుడివైపు పట్టీ రెండూ హాయిగా పడతాయి. తేజ, 334 లాంటి మిర్చి రకాలు టైపు చేయించకండి, మిర్చి ఘాటుకి కళ్ళు మండుతుంటే ఎవరు టైపు చేస్తారు, పెద్ద బటన్లు పెట్టండి. నెట్ లేకపోయినా నడవాలి కాబట్టి డేటా ట్యాబ్‌లోనే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాచి, రాత్రికి ఒక కాపీ బయట పెట్టుకోండి.

ఒక్క కొట్టుకే అయితే ఏపీకే ఫైల్ (యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్) ట్యాబ్‌లో నేరుగా వేసేస్తే చాలు. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒకసారి 25 డాలర్లు కట్టాలి, పైగా కొత్తగా తెరిచే వ్యక్తిగత ఖాతాలకి కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు టెస్ట్ చేయించాలనే రూలుంది. ఆ 12 మంది కోసం స్నేహితుల్ని కాదు, పక్క కొట్ల గుమస్తాల్ని పట్టుకోండి, అదీ సంక్రాంతి లోపే. ఆ తర్వాత సరుకు పోటెత్తితే వాళ్ళకి టీ తాగే తీరిక కూడా ఉండదు.